మగపిల్లి ఉన్నవాళ్ళు ఒకసారి చదవండి

మొన్న పొద్దున్నుంచి మా పిల్లిగాడు మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతున్నాడు, చుక్క రావట్లేదు. క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టర్ గారు వాణ్ణి బుట్టలోంచి బయటికి కూడా తీయలేదు. మలబద్ధకం అని సిరప్ రాసిచ్చారు. "పొట్ట ఒకసారి చూడండి సార్" అన్నా ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

రాత్రికి వాంతులు. టెన్షన్‌తో ఇంకో చోటికి పరిగెత్తాం. అక్కడ డాక్టరమ్మ పొట్ట తడిమి, "మూత్రం ఆగిపోయింది, బ్లాడర్ రాయిలా ఉంది" అని వెంటనే మూత్రం బయటికి తీసే సన్నటి గొట్టం (కాథెటర్) వేశారు. మగపిల్లులకు మూత్రనాళం సన్నం. పూర్తిగా అడ్డుపడితే రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చట.

ఇప్పుడు లేచి తింటున్నాడు, కాస్త అలిగాడు కూడా. ఫీజు పోతే పోయింది, ఆ సిరప్‌ని నమ్మి కూర్చున్న గంటలే మింగుడు పడట్లేదు. మీవాడు ఇలా ముక్కుతుంటే తెల్లారేదాకా ఆగకండి.