ఒకే లాగిన్ అంట, ఎవరికండి?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం జిల్లా పేజీలో ‘ఒకే లాగిన్‌తో అన్ని ఓటీటీలు’ అని, టీవీ సెట్‌టాప్ పెట్టెలో ఒక్కసారి లాగిన్ అయితే చాలని వేశారు కదా, చదివిన దగ్గర్నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నా, సార్వా కోతల హడావుడిలో కుదర్లేదు. అది వార్తో ప్రకటనో నాకైతే తెలీలేదు గానీ, వేసే ముందు మీ విలేకరి ఆ పెట్టె ఉన్న ఒక్క ఇంటికైనా వెళ్లి రిమోట్ పట్టుకుని చూసుంటే బాగుండేది.

మా ఇంట్లో ఉందండి ఆ పెట్టె. నెట్టూ చానళ్లూ ఓటీటీలూ కలిపి ఒకే ప్యాక్. పెట్టెలో లాగిన్ అయ్యాం కదా అని ఒక యాప్ తెరిస్తే మళ్లీ మొబైల్ నంబర్ అడుగుద్ది. ఇంకోటి స్క్రీన్ మీద కోడ్ చూపించి ఫోన్లో ఫలానా సైటుకెళ్లి కొట్టమంటది, అందులో ఉన్నది సున్నానో ‘ఓ’ అక్షరమో కళ్లజోడు పెట్టుకుని తేల్చుకునేలోపు కోడ్ టైం అయిపోద్ది. మరోదానికి ఈమెయిల్ కావాలి. రిమోట్ బాణంతో ఒక్కో అక్షరం మీదకీ జరుపుకుంటూ పోవాలి, చుక్క ఒక పేజీలో, అంకెలు ఇంకో పేజీలో. అన్నీ అయ్యాక పెట్టె అప్‌డేట్ అయితే మళ్లీ మొదటికే.

అసలు గొడవ ఓటీపీతో. కోనసీమలో ఎన్ని ఇళ్ల పిల్లలు కువైట్లో మస్కట్లో ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. కనెక్షన్ వాళ్ల పేరు మీదే, నంబరూ వాళ్లదే. మావాడు డ్యూటీలో ఉండి ఓటీపీ చూసి వాట్సాప్ చేసేసరికి ఇక్కడ ‘గడువు ముగిసింది’. ఇండియా సిమ్ రీచార్జ్ చెయ్యక ఆగిపోతే ఇంక అంతే, కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారు, మన టీవీ ఓటీపీ కూడా ఆళ్లకే పోద్ది. నంబరు మార్చండి బాబూ అని కస్టమర్ కేర్‌కి చేస్తే పాత నంబరుకి ఓటీపీ పంపాం, చెప్పండి సార్ అంటాడు. ఆయ్, అదే ఉంటే నీకెందుకు ఫోన్ చేస్తాను!

టెక్నాలజీ లేక కాదండి. అమెరికాలో యాపిల్ టీవీకి 2016లోనే ఈ ఏర్పాటు వచ్చింది, కేబుల్ అకౌంట్ ఒక్కసారి కొడితే చానళ్ల యాప్‌లు వాటంతటవే తెరుచుకునేలా (అక్కడా పెద్ద కేబుల్ కంపెనీలు కొన్ని మొదట్లో కలవలేదనుకోండి). పెట్టె కంపెనీ యాప్ కంపెనీకి ‘ఈయన డబ్బు కట్టాడు’ అని చెబితే చాలు. కానీ మన నంబరు, మన మెయిలు, మనం రాత్రి ఏం చూశామన్న లెక్క ప్రతి కంపెనీకీ తన దగ్గరే ఉండాలని ఆశ. ఒకే టికెట్ అని బస్సెక్కించి ప్రతి స్టేజీలో టికెట్ అడిగినట్టుంది. యూపీఐ కూడా 2016లో వచ్చిందే, ఏ బ్యాంకు అకౌంటైనా ఏ యాప్‌లోనైనా నడుస్తోంది. బ్యాంకుల్ని ఒక దారికి తెచ్చినోళ్లు ఈ టీవీ యాపుల్ని తేలేరా?

కేబుల్‌కైతే 2019 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చానల్ వారీగా రేట్లు వేయించింది. ఓటీటీలకి 2021 ఐటీ రూల్స్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, 15 రోజుల్లో తేల్చాలి అన్నారు గానీ అదంతా సిరీస్‌లో బూతులున్నాయి, మనోభావాలు దెబ్బతిన్నాయి అనే గొడవలకి. డబ్బు కట్టి కూడా లోపలికి పోలేనోడి మనోభావాలు ఎవరిక్కావాలి.

టీవీ ఒక్కటే అయితే ఊరుకుందును. పంట నమోదు ఈ-క్రాప్‌కి ఈకేవైసీ, రేషన్‌కి ఈకేవైసీ, చేలో పనిచేసి అరిగిపోయిన వేళ్లకి ముద్ర పడకపోతే రేపు రండి అంటారు. రేపొస్తే సర్వర్ డౌన్. ఆఫీసుల్లో ఒకప్పుడు మనిషి మొహం చూసి పని చేసేవారు, ఇప్పుడు మొహం ఎత్తట్లేదు.

ఈసారి ఇలాంటి వార్త వేస్తే ఆ ప్యాక్‌లో ఏ యాప్‌కి మళ్లీ లాగిన్ అక్కర్లేదో, దేనికి కావాలో, నంబరు పోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ ముక్క కూడా వెయ్యండి. అన్నట్టు మీ ఈపేపర్ కూడా ఈమధ్య ఓటీపీ అడుగుతోంది, అదీ కాస్త చూసుకోండి.

ఒక పాఠకుడు,
అమలాపురం