పల్లెల్లో రాత్రిపూట కాస్త చీకటి ఉండనివ్వండి

సంపాదకులు గారికి,

ఈ వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మార్కాపురం దగ్గర ఉన్న మా అత్తగారి ఊరు వెళ్లాం. మర్నాడు అమావాస్య. డాబా మీద ట్రైపాడ్ పెట్టి ఆకాశాన్ని టైమ్‌లాప్స్ తీశాను. ఇందులో పెద్ద విద్యేమీ లేదు, ఓపిక ఉంటే చాలు. రాత్రి 11 నుంచి 2 గంటల దాకా, 20 సెకన్లకు ఒకటి చొప్పున 540 ఫొటోలు. సెకనుకు 24 చొప్పున పేరిస్తే 22 సెకన్ల వీడియో. గంటకు 15 డిగ్రీల చొప్పున చుక్కలు పడమటికి జరిగిపోవడం అందులో చూడాలి!

తెల్లారి ల్యాప్‌టాప్‌లో వేస్తే ఉసూరుమనిపించింది. వృశ్చిక రాశి కొండితో సహా వచ్చింది గానీ, పాలపుంత ఉండాల్సిన చోట నీళ్ల మజ్జిగ. ఎడమ మూల అయితే తెల్లగా మాడిపోయింది. ఆ వెలుగు రామాలయం దగ్గర స్తంభానికి బిగించిన ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటుది. దాని మొహం సగం వీధికి, సగం పైకి. పన్నెండేళ్ల కిందట, మా పెళ్లైన కొత్తలో, ఇదే డాబా మీద నవారు మంచంలో పడుకుని పాలపుంత చూసినవాణ్ణి. ఆ లైటు పడ్డాక కిటికీ మూయనిదే నిద్ర పట్టడం లేదని మా అత్తగారు. ఎండాకాలం, మార్కాపురంలో, కిటికీ మూసుకుని!

వీధి దీపాలు వద్దని నేను అనడం లేదు. పురుగూ పుట్రా తిరిగే చోటు, తెల్లవారుజామున ఆడవాళ్లు పాలకేంద్రానికి వెళ్లే దారి. కానీ ఆ లైటుకు ఎదురు నడిస్తే కళ్లు చెదిరి పక్కనున్న సైడు కాలవే కనపడదు. బండి మీద వచ్చేవాళ్లు ఒక చేత్తో కళ్లు కప్పుకోవడం నేను చూశాను. పైగా తెల్లటి ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ. పగటి ఆకాశం నీలంగా ఎందుకు ఉంటుందో, రాత్రి ఈ వెలుగు ఆకాశమంతా ఎందుకు పరుచుకుంటుందో, రెండింటికీ కారణం ఒకటే: గాలిలో నీలం వెలుగు ఎక్కువగా చెదురుతుంది. పసుపు రంగు బల్బుతో ఈ బాధ తక్కువ.

ఇది ఎవరూ చేయని పనేం కాదు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం పక్క ఊళ్లలో వీధి దీపాలను నేలవైపు తిప్పారు. 2024లో దానికి మన దేశపు తొలి డార్క్ స్కై పార్కుగా, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే చోటుగా, గుర్తింపు వచ్చింది. లడఖ్‌లోని హాన్లేలో అయితే చుక్కలు చూడటానికి వచ్చేవాళ్లే ఊరివాళ్లకు ఒక బతుకుతెరువు అయ్యారు. అంతెందుకు, నిజామియా వేధశాల వాళ్లు 48 అంగుళాల టెలిస్కోపును హైదరాబాద్ వదిలి రంగాపూర్ దాకా తీసుకెళ్లి పెట్టారు. ఊరు చీకటిగా ఉండటం ఒకప్పుడు మనకూ పనికొచ్చిన సంగతే.

నేను అడిగేది చిన్నది. పంచాయతీలు కొత్త లైటు వేసేటప్పుడు పైన మూత ఉన్నది, పసుపు వెలుగుది వేయాలి. గుడి దగ్గర ఫ్లడ్‌లైటు ఉత్సవాలప్పుడు తప్ప రాత్రి 11 దాటాక ఆపేయాలి. మేం తిరిగొచ్చే ముందు రోజు, మా బావమరిది చెబితే, ఊళ్లో కరెంటు పని చేసే కుర్రాడు ఆ లైటును కిందికి వంచి, ఖాళీ నూనె డబ్బా కోసి పైన గొడుగులా బిగించాడు. పావుగంట పట్టింది. ఆ రాత్రి తీసిన వీడియోలో ఎడమ మూలన వేపచెట్టు కొమ్మలు, వాటి వెనక చుక్కలు కనిపిస్తున్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్