నౌరోజ్ బల్ల హైదరాబాద్‌లోనూ అందరి ముందుకు రావాలి

సంపాదకులకు నమస్కారం.

గత మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. పక్కింటి ఇరానీ ఆవిడ నన్ను యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ ఆవరణలో జరిగే ఇరానీయుల కొత్త సంవత్సర పండుగ నౌరోజ్ వేడుకకు వెంటబెట్టుకుని వెళ్లారు. టికెట్టు లేదు, ఆహ్వానపత్రం అడిగినవారు లేరు. చెట్ల కింద హఫ్త్ సీన్ బల్ల అలంకరించారు. వెల్లుల్లి, ఆపిల్, వెనిగర్, పుల్లని సుమాక్ పొడి, సెంజెద్ అనే ఎండు పండ్లు, గోధుమ మొలకల నుంచి తీసిన సమనూ, పళ్లెంలో పచ్చగా పెరిగిన మొలకలు, అంటే సబ్జే. ఏడింటి పేర్లూ వారి ఫార్సీ భాషలో ‘సీన్’ అనే అక్షరంతో మొదలవుతాయి. ఆ మొలకల పళ్లెం చూడగానే మన పెళ్లిళ్లలో పాలికల్లో పోసే నవధాన్యాలు గుర్తొచ్చాయి. ఆ మాటే ఆవిడతో అన్నాను. పండుగ పదమూడో రోజున వాటిని పారే నీళ్లలో వదిలేస్తామని ఆవిడ చెప్పారు. మేమూ నీళ్లలోనే కలుపుతామన్నాను. అంతవరకు మా మధ్య ఉన్న మొహమాటం ఆ క్షణంలోనే పోయింది.

ఇరాన్‌లో 1979 విప్లవం తర్వాత దేశం విడిచి వచ్చినవారిలో చాలామంది ఆ నగరంలో స్థిరపడ్డారు. వెస్ట్‌వుడ్‌లో వారి దుకాణాలున్న ఒక కూడలికి 2010లో నగరపాలక సంస్థ ‘పర్షియన్ స్క్వేర్’ అని పేరు పెట్టింది. వారిలో ముస్లింలు, యూదులు, ఆర్మీనియన్ క్రైస్తవులు, బహాయీ మతస్థులు, మన పార్సీల మతమే పాటించే జొరాస్ట్రియన్లు ఉన్నారు. రాజకీయాల్లో ఒకరితో ఒకరికి పడదు. అయినా నౌరోజ్ బల్ల దగ్గర అందరూ కలుస్తారు.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. కాబట్టి అక్కడ నా చూపంతా పిల్లల మీదే ఉంది. పదేళ్ల పిల్లవాడొకడు బల్ల పక్కన నిలబడి, వచ్చినవారికి ఒక్కొక్క వస్తువూ చూపించి చెబుతున్నాడు. ఒక చోట తడబడి, వెనక్కి తిరిగి నానమ్మను అడిగి, మళ్లీ మాకు చెప్పాడు. తమ పిల్లలు ఫార్సీ మాట్లాడతారే కానీ చదవలేరని పక్కింటావిడ బాధ. ఆ బాధకు మందు నాకు ఆ నానమ్మ, మనవడి మధ్యే కనిపించింది. పరాయివాళ్లకు వివరించాల్సి వచ్చినప్పుడే పిల్లలు తమ ఇంటి సంగతులు శ్రద్ధగా తెలుసుకుంటారు. నాలుగు గోడల మధ్య మనవాళ్లం మాత్రమే చేసుకునే పండుగలో ఆ అవసరం రాదు.

తిరిగొచ్చాక నా నగరాన్ని తలచుకుంటే చిన్నతనంగా అనిపించింది. 1591లో వెలసిన ఈ ఊరి నిర్మాణంలో ఇరాన్ నుంచి వచ్చిన కుతుబ్‌షాహీ మంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీ పాత్ర ఎంతో ఉంది. 1880ల దాకా నిజాం రాజ్యంలో పాలన ఫార్సీలోనే నడిచింది. రోజు, బజారు, కాగితం, శాలువా, దస్తావేజు, బందోబస్తు అని మనం రోజూ పలికే మాటలు ఆ భాష ఇచ్చినవే. ఇరాన్‌లోని యజ్ద్ వంటి ప్రాంతాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఇరానీ హోటళ్లు పెట్టి మనకు చాయ్ అలవాటు చేశాయి. ఆ చాయ్ తాగుతూనే పెరిగాం కానీ, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన ఇంట్లో ఏ పండుగ చేసుకుంటారో అడగలేదు. ఇప్పుడు ఆ హోటళ్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి.

ఎవరి పండుగో మనకెందుకని కొందరు అనవచ్చు. 2009లో యునెస్కో నౌరోజ్‌ను మానవాళి వారసత్వంగా గుర్తించినప్పుడు, ఆ ప్రతిపాదన చేసిన దేశాల్లో మన దేశమూ ఉంది. సికింద్రాబాద్ పార్సీ కుటుంబాలకూ అది పండుగే. పైగా అది మన ఉగాదికి కాస్త అటూ ఇటూగానే వస్తుంది.

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం వచ్చే మార్చిలో ఒక హాలు ఇస్తే చాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఫార్సీ విభాగం విద్యార్థులు, ఇరానీ హోటళ్ల కుటుంబాలు, పార్సీ పెద్దలు కలిసి హఫ్త్ సీన్ బల్ల పేర్చాలి. సాలార్‌జంగ్ మ్యూజియం తన ఫార్సీ రాతప్రతుల్లో కొన్నింటి చిత్రాలను అక్కడ ప్రదర్శించాలి. పక్కనే ఉగాది పచ్చడి గిన్నె ఉంచుదాం. కార్యక్రమం ఎలా ఉండాలో ఆ కుటుంబాలే నిర్ణయించాలి. అధికారుల ఉపన్యాసాలు, సన్మానాలు వద్దు. చెప్పే పని వారి పిల్లలకు అప్పగించాలి, అడిగే పని మన బడి పిల్లలకు. గ్రంథాలయం ఒప్పుకుంటే చుట్టుపక్కల బడులన్నీ తిరిగి పిల్లలను తీసుకొచ్చే బాధ్యత నేను తీసుకుంటాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, నల్లకుంట, హైదరాబాద్