బృహద్ధమని రిపోర్టుల్లో స్పష్టత కావాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా ఆసుపత్రుల రేడియాలజీ రిపోర్టులకు వ్యాధిని సూచించే కోడ్లు వేసే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. పొత్తికడుపులోని బృహద్ధమని (గుండె నుంచి వచ్చే ప్రధాన రక్తనాళం) కాస్త వెడల్పయిందని తెలిపే రిపోర్టుల్లో మాట స్పష్టంగా లేకపోతే ఆ భారం చివరికి రోగి మీదే పడుతుందన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ మధ్య నా ముందుకు వచ్చిన ఒక అల్ట్రాసౌండ్ రిపోర్టులో, మూత్రపిండ ధమనులకు దిగువన వ్యాసం 2.7 సెంటీమీటర్లు, స్వల్ప ఎక్టేషియా (ధమని కాస్త వెడల్పవడం) అని వివరాల్లో ఉండగా, చివర ఇంప్రెషన్‌లో, అంటే రేడియాలజిస్టు సారాంశంలో మాత్రం చిన్న అన్యూరిజమ్ (ధమని మరింతగా ఉబ్బడం) అని ఉంది. మామూలుగా 2 సెంటీమీటర్ల దగ్గర ఉండే ఈ ధమని వ్యాసం 2.5 నుంచి 2.9 వరకు ఉంటే ఎక్టేషియా అని, 3 సెంటీమీటర్లకు చేరితే అన్యూరిజమ్ అని వైద్యులు సాధారణంగా లెక్కిస్తారు. అమెరికాలో వాడే వ్యాధి కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలో ఎక్టేషియాకు ఐ77.811 కోడ్ ఉండగా, పగలని అన్యూరిజమ్ ఐ71.4 కిందికి వస్తుంది. 2022 అక్టోబరు నుంచి ఆ అన్యూరిజమ్‌కు మూత్రపిండ ధమనులతో పోల్చి చూసిన స్థానాన్ని బట్టి వేర్వేరు కోడ్లు ఉన్నాయి.

ఇదంతా తెలిసినా అంకెను చూసి కోడర్ రోగ నిర్ధారణ చేయకూడదు, అది వైద్యుడి పని. అందుకే చార్ట్‌ను పక్కన పెట్టి, స్పష్టత కోరుతూ వైద్యుడికి క్వెరీ పంపాను; నాలుగు రోజులకు, అది ఎక్టేషియాయేనని సవరణ వచ్చింది. రోజువారీ టార్గెట్ తరుముతున్న మరొకరైతే ఇంప్రెషన్‌లోని మాటకే కోడ్ వేసి ముందుకు సాగేవారు, వారిని తప్పుపట్టలేను. కానీ ఒకసారి రికార్డులో చేరిన అన్యూరిజమ్ అనే మాట ఆ మనిషిని ఏళ్ల తరబడి వదలదు, భయమూ వదలదు.

దీనికి తలకిందులైన పొరపాటూ ఉంది. డైలటేషన్ (వెడల్పు) అని రాస్తే కోడ్ల సూచిక మమ్మల్ని ఎక్టేషియాకు పంపుతుంది. 'ప్రామినెంట్' (కాస్త పెద్దగా కనిపిస్తోంది) అని వదిలేస్తే ఏ కోడూ దొరకదు, మళ్లీ స్కాన్ చేయించాల్సిన మనిషి లెక్కలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. అవుట్‌పేషెంట్ రిపోర్టుల్లో 'కావచ్చు', 'అనుమానం' అన్నవాటికీ వ్యాధి కోడ్ వేయడానికి వీల్లేదు.

అందువల్ల రేడియాలజిస్టులు గరిష్ఠ వ్యాసాన్ని, స్థానాన్ని, పాత స్కాన్‌తో పోలికను, అన్నిటికన్నా ముఖ్యంగా తమ నిర్ధారణను ఇంప్రెషన్‌లో ఒకే మాటగా రాయాలని, క్వెరీకి పట్టే సమయాన్ని కోడర్ టార్గెట్ నుంచి మినహాయించాలని సంస్థలను కోరుతున్నాను.

— ఒక మెడికల్ కోడర్