వేట నిషేధం వచ్చేసరికి తాబేళ్ల కాలం అయిపోతోంది

సంపాదకుడికి,

అయ్యా,

కోరంగి అభయారణ్యం గురించి ఎవరు రాసినా చెక్క వంతెన ఫొటోనే వేస్తారు. తప్పేం లేదు, బాగుంటుంది. చుట్టాలొస్తే నేనూ అక్కడికే తీసుకెళ్తాను. పోటు తీసేశాక వెళ్తే కింద బురదంతా బయటపడి, మడ చెట్ల శ్వాసవేళ్లు మేకులు తిరగేసి పాతినట్టు కనిపిస్తాయి. వాటి మధ్య చిన్న పీత, ఒక డెక్క మాత్రం ఇంతలావు, పైకీ కిందకీ ఆడిస్తూ ఉంటుంది. అలికిడైతే బొరియలోకి పోతుంది. కాసేపు కదలకుండా నిలబడితే మళ్లీ మెల్లగా బయటికొస్తుంది. బావురు పిల్లి, నీటికుక్క కనబడాలంటే మాత్రం అదృష్టం ఉండాలి, సెల్ఫీల గోల ఉండకూడదు.

అయితే 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్లలో ఆ వంతెన ఓ మూల మాత్రమే. రెండో కొస సముద్రం వైపు, హోప్ ఐలాండ్ దగ్గరి ఇసుక మీద ఉంది. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు, ఇసుకతో లేచిన దిబ్బ అది. కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా కాస్తున్నది అదే. ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లు.

ఆ రోజుల్లోనే చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. నేను చూసిన ఒకదాని చిప్ప మీద చిన్న గీత కూడా లేదు. దెబ్బ తగిలి చచ్చింది కాదేమో అనిపించింది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. బోటు గంటల తరబడి లాగే ట్రాల్ వలలో పడితే పైకి రాలేక, ఊపిరాడక చస్తుంది.

మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపల కోసం పెట్టింది, మంచిదే. కానీ అది మొదలయ్యేసరికి తల్లి తాబేళ్లు చాలావరకు గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి. వెళ్లగలిగినవి.

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. వలలో అడ్డంగా ఇనుప చట్రం, దాని దగ్గర ఒక కిటికీ. రొయ్యలు చువ్వల సందుల్లోంచి వల చివరికి పోతాయి, తాబేలు కిటికీలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు దీన్ని తయారుచేసింది కూడా. ఇవి వాడటం లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపింది. తాబేలు మీద జాలి లేనివాళ్లయినా ఆ నష్టం చూడాలి కదా.

కిటికీలోంచి కొంత సరుకు కూడా పోతుందని బోటువాళ్లు అంటారు. ఆ మాట కొట్టిపారేయకూడదు. డీజిల్ ఖర్చు వాళ్లది. నిషేధ కాలంలో భృతి ఇస్తున్న ప్రభుత్వం తాబేళ్లు వచ్చే ఈ మూడు నెలలకూ ఏదో ఒక సాయం చేయొచ్చు, చట్రాలు ఉచితంగా ఇవ్వొచ్చు. ఇంకో చిక్కేమంటే, తాబేలు చచ్చేది సముద్రంలో, లెక్కపెట్టేది ఒడ్డున. సముద్రంలో వేట మత్స్యశాఖ చూస్తుంది, ఒడ్డు అటవీశాఖ చూస్తుంది. వచ్చే జనవరిలోపు ఈ రెండు శాఖలూ కలిసి ఒకే పడవలో గస్తీకి దిగాలని, ఏ బోటుకు చట్రం ఉందో రేవు దాటక ముందే చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఓ పాఠకుడు, కాకినాడ