వాక్స్ ఫైళ్లు మార్చుకున్నవారికి ఒక విన్నపం

శబ్దం ఫైళ్లను ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే మా సేవలో వాక్స్ ఫైలును (పాత టెలిఫోన్ వ్యవస్థల్లో సందేశాలు దాచిన ఫైలు రకం) ఎంపీ3గా మార్చుకున్నవారు దయచేసి ఆ ఎంపీ3ని ఇంకోసారి వినండి. గొంతు సన్నగా, మాట తొందర తొందరగా అనిపిస్తే తప్పు మీ చెవులది కాదు, పాత రికార్డింగుదీ కాదు. మాది.

కొన్ని వారాల క్రితం ఒకావిడ మాకు ఒక ఫైలు ఇచ్చారు. వాళ్ల నాన్నగారు చాలా ఏళ్ల క్రితం ఒక ఆఫీసు టెలిఫోన్ వ్యవస్థలో వదిలిన సందేశం అది. ఆయన ఇప్పుడు లేరు. ఆయన గొంతుకు మిగిలిన ఆనవాలు అదొక్కటే. ఏ ప్లేయరూ తెరవడం లేదని మా దగ్గరికి తెచ్చారు. మార్చి ఇచ్చాం. మర్నాడు ఆవిడ రాసిన ఉత్తరంలో ఒకటే వాక్యం: "మాటలు నాన్నవే, గొంతు మాత్రం ఆయనది కాదు."

దానికి నేనిచ్చిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది. పాత రికార్డింగుల్లో నాణ్యత తక్కువ కాబట్టి గొంతు మారినట్టు వినిపించడం మామూలేనని రాశాను. ఫైలు వినకుండానే రాశాను. ఆవిడ అంతటితో వదలకుండా మూల ఫైలును మళ్లీ పంపారు. అప్పుడు కూర్చుని విన్నాను.

జరిగింది ఇది. వేవ్ ఫైలైతే మొదట్లోనే తన వివరాలు తానే చెప్పుకుంటుంది: సెకనుకు ఎన్ని శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచి రాసుకున్న విలువలు), ఎన్ని చానళ్లు, ఒక్కో శాంపిల్‌కు ఎన్ని బిట్లు. డయలాజిక్ అనే కంపెనీ కంప్యూటర్లలో బిగించే టెలిఫోన్ కార్డులతో వాడుకలోకి వచ్చిన వాక్స్ ఫైలులో అలాంటి హెడర్ ఏదీ ఉండదు. మొదటి బైటు నుంచే శబ్దం మొదలవుతుంది. దాన్ని ఎంత వేగంతో చదవాలో ఫైలును చూసి తెలుసుకునే వీలు లేదు, బయటి నుంచి ఎవరో చెప్పాలి. ఈ ఫైళ్లు ఎక్కువగా సెకనుకు 8,000 శాంపిళ్లతోనో 6,000 శాంపిళ్లతోనో రికార్డు అయి ఉంటాయి. మా ప్రోగ్రాం ఎవరినీ అడగకుండా అన్నిటినీ 8,000 కిందే లెక్కవేసింది.

ఆవిడ ఫైలు 6,000తో రికార్డు అయినది. వాక్స్‌లో శాంపిల్‌కు 4 బిట్లు, అంటే ఒక్కో బైటులో రెండు శాంపిళ్లు. 1,20,000 బైట్ల ఫైలు సరైన వేగంతో నడిస్తే 40 సెకన్లు రావాలి. మా లెక్కలో అది 30 సెకన్లకే అయిపోయేది. వేగంతో పాటు శ్రుతీ పెరుగుతుంది. సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే, షడ్జమంలో ఉండాల్సిన గొంతు శుద్ధ మధ్యమానికి ఎక్కి కూర్చుంది. సందేశం ముగించే ముందు ఆ పెద్దాయన ఒకసారి గొంతు సవరించుకుంటారు. మేమిచ్చిన ఎంపీ3లో అది ఏదో టిక్కుమన్న చప్పుడులా ఉంది. 6,000తో మార్చి వింటే, ఇంకేమైనా చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టు నిదానంగా సవరించుకుంటున్నారు.

ఆవిడకు క్షమాపణ చెప్పి సరైన ఫైలు పంపాను. కానీ అదే తప్పు ఇంకెందరి ఫైళ్లలో జరిగిందో నాకు తెలిసే దారి లేదు. ఖాతా తెరవకుండానే ఈ సేవ వాడుకోవచ్చు, ఇచ్చిన ఫైళ్లను 24 గంటల్లో చెరిపేస్తాం. మీ గోప్యత కోసం పెట్టుకున్న ఈ నియమాన్ని మార్చను. అందుకే అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

మూల ఫైలు మీ దగ్గరుంటే మళ్లీ ఇవ్వండి. ఇకపై వాక్స్ ఫైలు రాగానే రెండు వేగాల్లోనూ పది సెకన్ల ముక్క వినిపిస్తాం. ఆ మనిషి గొంతు మీకు తెలుసు, మాకు తెలియదు. కాబట్టి ఎంపిక మీదే. మూల ఫైలు పోయి ఎంపీ3 మాత్రమే మిగిలినా దిగులు పడకండి. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చే ఎఫెక్ట్ ఉంటుంది, అందులో 0.75 అని ఇవ్వండి. ఫోను ప్లేయర్లలో కనిపించే వేగం మీట ఇందుకు పనికిరాదు. అది సాధారణంగా మాటను నెమ్మదింపజేస్తుంది తప్ప శ్రుతిని ముట్టుకోదు, గొంతు సన్నగానే ఉండిపోతుంది.

ఈ పని మీద కూర్చున్నప్పుడే మరో విషయం కూడా సరిచేశాను. పాత ఫోన్లలో రికార్డయిన ఏఎంఆర్ ఫైళ్లకు "320 కిలోబిట్ల అత్యుత్తమ నాణ్యత" అనే ఎంపిక చూపించేవాళ్లం. మామూలు ఏఎంఆర్‌లో సెకనుకు గరిష్ఠంగా 12.2 కిలోబిట్లే ఉంటాయి. శాంపిళ్లు సెకనుకు 8,000 కాబట్టి అందులో సగమైన 4,000 హెర్ట్జ్‌కు పైన అందులో శబ్దమే ఉండదు. దాన్ని 320 కిలోబిట్ల ఎంపీ3గా మారిస్తే ఫైలు ఇరవై ఆరు రెట్లు ఉబ్బుతుంది, శబ్దం ఇసుమంతైనా మెరుగుపడదు. పైగా ఎంపీ3 తన వంతుగా ఇంకొంత కోసేస్తుంది. ఆ మాట రాయడం మిమ్మల్ని తప్పుదారి పట్టించడమే. తీసేశాను. దాచుకోవడానికైతే ఏమీ పోగొట్టకుండా కుదించే ఫ్లాక్ అనే ఫైలు రకం తీసుకోండి, విప్పిన శబ్దంలో ఒక్క శాంపిల్ కూడా పోదు. ఎవరికైనా పంపడానికి ఎంపీ3 చాలు.

కాపీ చేయకుండా డిజిటల్ తాళం వేసిన డబ్ల్యూఎంఏ (మైక్రోసాఫ్ట్ రకం), ఓఎంఏ (సోనీ రకం) ఫైళ్లను మేము మార్చలేం. ఇంతకుముందు ఆ సంగతి అప్‌లోడ్ అంతా అయ్యాక చెప్పేవాళ్లం, ఇప్పుడు ముందే చెబుతున్నాం. రియల్ ఆడియో ఫైళ్లు ఇబ్బంది లేకుండా మారుతున్నాయి. పేరు చివర ఎంపీ3 అని మార్చినంత మాత్రాన ఫైలు మారదు. అలా పేరు మార్చిన ఫైళ్లు మాకు చాలా వస్తుంటాయి. వాటిని లోపలి బైట్లను బట్టి గుర్తుపడుతున్నాం కాబట్టి ఉన్నదున్నట్టుగా ఇచ్చేయవచ్చు.

మార్చిన ఫైలు చేతికి రాగానే మూల ఫైలును మాత్రం చెరిపేయకండి. ఆవిడ దాచుకున్నారు కాబట్టే ఆ 40 సెకన్లు తిరిగి దొరికాయి. వాక్స్ ఫైలు విషయంలో ఏ వేగం సరైనదో మీరూ తేల్చుకోలేకపోతే ఉత్తరం రాయండి. ఈసారి విన్నాకే జవాబిస్తాను.