వంగపండు రంగు చీర వెళ్లిన అక్కకు, మిగతా అందరికీ

గత నెలలో నెమలికంఠం రంగు చీర అడిగిన ఒక అక్కకు మా గద్వాల నుంచి వంగపండు రంగు చీర వెళ్లింది. ఆమె ఫోటో తీసి పంపి, 'ఇదేమిటి?' అన్నారు. తెర మీదిది చదివి వినిపించే నా ఫోనులోని టాక్‌బ్యాక్ గొంతు దాన్ని 'చిత్రం' అని మాత్రమే చదివింది. నాకు చూపు లేదు. మూడేళ్లుగా చీరలు అమ్ముతున్నా మీలో చాలామందికి ఈ మాట చెప్పలేదు. చెబితే జాలితో కొంటారేమోనని ఒక భయం, అసలు కొనరేమోనని ఇంకొకటి.

చీర నాకు వేళ్లతోనే తెలుస్తుంది. గద్వాల చేనేత చీరకు 2010లోనే భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుందనే ముద్ర, వచ్చినా, ఆ పేరుతో మరమగ్గం చీరలు అమ్మేవాళ్లు ఉన్నారు. మా దగ్గర మూడు నాడెలతో (అడ్డపోగును అటూ ఇటూ నడిపేవి) నేసిన చీరలో, చీర మధ్య భాగపు నూలు పేక, అంచు పట్టు పేక ఒకదాన్నొకటి మెలిపట్టుకునే చోట సన్నటి గట్టు తగులుతుంది. గరుకు ఆగి నునుపు మొదలవుతుంది. కోట గోడ పళ్లలా ఉండే కోటకొమ్మ అంచయితే జరీ మొనలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ గట్టు తగలకపోతే చీర తీసుకోను.

రంగు మాత్రం వదిన చెప్పాలి. ఆ పేరు అట్టముక్క మీద బ్రెయిలీలో పొడిచి మడతలో పెడతాను. ఆ రోజు రెండు చీరలు విప్పి మళ్లీ మడతపెట్టేటప్పుడు అట్టలు తారుమారు చేశాను. తప్పు నాదే, చీర మార్చాను, రానుపోను ఖర్చు పెట్టుకున్నాను. ఇప్పుడు అట్టను కొంగు చివరి పోగులకే కడుతున్నాను. పెట్టె అంటించే ముందు వదిన వీడియో కాల్‌లో మీకు చీర చూపిస్తుంది. ఆమె బడిలో వంట చేసి వచ్చేసరికి నాలుగవుతుంది కాబట్టి పార్శిల్ ఒక రోజు ఆలస్యమవుతుంది.

డబ్బు పంపాక స్క్రీన్‌షాట్ పెట్టకండి. ఎంత పంపారో, ఎవరి పేరుతో పంపారో రాయండి. 'ఇలాంటిది కావాలి' అని పెళ్లి ఫోటో పంపితే వదిన వచ్చేదాకా నాకు అది ఖాళీ గోడ. అంచు ఎంత వెడల్పో, కొంగు ఎంత నిండుగా ఉండాలో మాటల్లో చెప్పండి. చెప్పడం మొదలుపెట్టాకే తమకేం కావాలో తేల్చుకున్నవాళ్లు ఉన్నారు.

బేరం కూడా మానకండి. నాకు చూపు లేదని తెలిసిన ఒకరు అడిగిన ధర మారు మాట లేకుండా ఇచ్చారు. ఆ రోజంతా నాకేమీ తోచలేదు.

వంగపండు చీర తిరిగి వచ్చింది, కట్టనే లేదు. అంచు ఆవ రంగని వదిన, కాదు పసుపని అన్నయ్య. కావలసినవారు నాలుగు తర్వాత ఫోను చేసి చూసి తేల్చండి.